గోదావరి డెల్టా సీట్లన్నీ ఒకేసారి ఒకే వైపు ఎందుకు మొగ్గుతున్నాయి?

ప్రశ్న: వశిష్ఠ, పాలకొల్లు

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు పక్కనున్న పల్లె. ప్రస్తుతం హైదరాబాదులో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదువుతూ, గోదావరి డెల్టా ఓటింగ్ సరళి మీద ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. గోదావరి జిల్లాలు ఎవరివైతే రాష్ట్రం వారిదే అన్న మాట మా ఇళ్లలో అందరూ అనేదే. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ఉమ్మడి తూర్పు గోదావరిలో 19, పశ్చిమ గోదావరిలో 15, మొత్తం 34 అసెంబ్లీ స్థానాలు ఉండగా, 2014లో తెలుగుదేశం, బీజేపీ కూటమికి 28, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 27, 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 34కు 34 వచ్చాయి. మూడుసార్లూ ఆ పక్షాలే ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశాయి.

ఐదేళ్లకోసారి ఇంత పెద్ద ఎత్తున అటూ ఇటూ మారే ప్రాంతానికి స్థిరమైన రాజకీయ మొగ్గు అంటూ ఏదైనా ఉందా, లేక గాలి ఎటు వీస్తే అటు పోవడమే ఇక్కడి స్వభావమా అన్నది నా మొదటి సందేహం. ఈ సంగతి ఎవరిని అడిగినా వెంటనే కులాల లెక్క చెబుతున్నారు. అయితే ఒకే నియోజకవర్గం గురించి ఒకరు చెప్పిన శాతం మరొకరు చెప్పిన దానితో సరిపోవడం లేదు. ఆ శాతాలకు మూలం ఎక్కడ ఉందో, వాటిని వ్యాసంలో వాడవచ్చునో కూడా పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: లెక్కల మాస్టారు, తణుకు

వశిష్ఠ గారూ, మీరు ఇచ్చిన అంకెలన్నీ సరైనవే, కానీ అవన్నీ సీట్ల అంకెలు. మీ వ్యాసం సీట్ల దగ్గర మొదలైతే డెల్టా ప్రజలు మూకుమ్మడిగా మనసు మార్చుకుంటారన్న నిర్ణయానికి రాక తప్పదు. ఓట్ల దగ్గర మొదలుపెడితే వేరే చిత్రం కనిపిస్తుంది. ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

భీమవరం తీసుకుందాం. 2019లో అక్కడ మూడు ముక్కల పోటీ జరిగింది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్‌కు 70 వేలకు పైగా, జనసేన అధినేత పవన్ కల్యాణ్‌కు 62 వేలకు పైగా, తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకు 54 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. మొదటి, రెండో స్థానాల మధ్య తేడా 8 వేల పైచిలుకు మాత్రమే. 2024లో తెలుగుదేశం, జనసేన కలిశాయి. 2019లో మూడో స్థానంలో నిలిచిన రామాంజనేయులే జనసేన తరఫున నిలబడి, అదే గ్రంధి శ్రీనివాస్‌ మీద 66 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఓడిపోయిన అభ్యర్థికి ఎన్ని ఓట్లు తగ్గాయో చూడండి. 2019లో 70 వేల పైచిలుకు తెచ్చుకున్న ఆయనకు 2024లోనూ 63 వేల పైచిలుకు వచ్చాయి. అంటే సుమారు 7 వేల ఓట్లు తగ్గిన అభ్యర్థి దాదాపు 67 వేల తేడాతో ఓడిపోయారు. దీన్ని ఊరంతా తిరగబడిందని వర్ణించడం కంటే, విడివిడిగా పడిన రెండు రాశులు ఒక చోట చేరాయని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

రాజోలు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2019లో రాష్ట్రం మొత్తం మీద జనసేన గెలిచిన ఏకైక స్థానం అదే, అది కూడా 814 ఓట్ల తేడాతో. 2024లో అదే పార్టీ, పొత్తులో ఉండి, అదే స్థానాన్ని 39 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. ఇక్కడ అభ్యర్థుల కదలికలు గమనించదగినవి. 2019లో జనసేన తరఫున గెలిచిన రాపాక వరప్రసాదరావు తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్లి 2024లో అమలాపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేశారు. 2014లో తెలుగుదేశం తరఫున రాజోలులో గెలిచిన గొల్లపల్లి సూర్యారావు 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. ఇద్దరూ ఓడిపోయారు. నాయకుడు మారినంత సులువుగా ఓటరు మారలేదని ఈ ఒక్క నియోజకవర్గమే చెబుతోంది.

అయితే అన్ని చోట్లా ఇదే సూత్రం వర్తిస్తుందని నేను అనను. పిఠాపురంలో 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 83 వేలు, తెలుగుదేశానికి 68 వేలు, జనసేనకు 28 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. 2024లో పవన్ కల్యాణ్ అక్కడ 70,279 ఓట్ల మెజారిటీతో గెలిచారు. వైఎస్సార్ కాంగ్రెస్ ఓట్లు 64 వేలకు తగ్గాయి. అంటే దాదాపు 19 వేల ఓట్లు నిజంగానే జారిపోయాయి, పైగా కూటమికి వచ్చిన 1 లక్షా 34 వేలు పాత రెండు పార్టీల మొత్తం కంటే చాలా ఎక్కువ. భీమవరంలో జరిగింది ప్రధానంగా కూడిక అయితే, పిఠాపురంలో కూడికతో పాటు మార్పు కూడా ఉంది. ఈ రెండింటినీ వేరు చేసి చూపగలిగితే మీ వ్యాసానికి విలువ ఉంటుంది.

సీట్ల మొత్తం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో 2014 ఇంకా బాగా చూపిస్తుంది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో తెలుగుదేశం, బీజేపీ కూటమికి 106, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67 వచ్చాయి, తేడా 39. ఓట్ల తేడా మాత్రం రెండు శాతం చుట్టూనే ఉంది. ఆ 39 సీట్ల తేడాలో 23 ఈ రెండు జిల్లాల నుంచే వచ్చాయి. కనుక రాష్ట్రాన్ని గోదావరి జిల్లాలు నిర్ణయిస్తాయన్న నానుడికి 2014 గట్టి సాక్ష్యం. 2019లో ఒకే పార్టీకి దాదాపు 50 శాతం ఓట్లు వచ్చినప్పుడు, 2024లో కూటమికి 164 సీట్లు వచ్చినప్పుడు, ఈ 34 స్థానాలూ అవతలి పక్షానికి వెళ్లినా ఫలితం మారేది కాదు. ఆ రెండుసార్లూ గోదావరి రాష్ట్రంతో కలిసి నడిచిందే తప్ప రాష్ట్రాన్ని నడిపించలేదు.

ఇంకొక్క సంగతి. గోదావరి జిల్లాలు, గోదావరి డెల్టా ఒకటి కావు. 34 స్థానాల్లో తుని, ప్రత్తిపాడు, జగ్గంపేట, చింతలపూడి వంటి మెట్ట ప్రాంతాలు, రంపచోడవరం, పోలవరం వంటి గిరిజన ప్రాంతాలు కలిసి ఉన్నాయి. 2014లో తూర్పు గోదావరిలో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన ఐదు స్థానాలు తుని, ప్రత్తిపాడు, జగ్గంపేట, రంపచోడవరం, కొత్తపేట. వీటిలో ధవళేశ్వరం ఆనకట్ట కింద నీళ్లు పారే డెల్టాలో ఉన్నది కొత్తపేట ఒక్కటే. ఉమ్మడి జిల్లా మొత్తాన్ని ఒకే గాటన కట్టి లెక్కిస్తే కాలువ నీళ్లున్న ఊళ్లకూ, వాన మీద ఆధారపడిన ఊళ్లకూ మధ్య ఉన్న ఈ తేడా కనిపించకుండా పోతుంది.

జవాబు: శివారు ఆయకట్టు, అల్లవరం మండలం

మాస్టారు గారి లెక్కను గౌరవిస్తూనే ఒక మాట మనవి చేసుకుంటాను. ఓట్లు ఎక్కడి నుంచి ఎక్కడికి చేరాయో కూడికలతో తెలుస్తుంది గానీ, ఎందుకు చేరాయో తెలియదు. రెండు పార్టీల నాయకులు వేదిక మీద చేతులు కలిపినంత మాత్రాన ఊళ్లో ఓట్లు కలవవు. 2009లో నటుడు చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం వచ్చినప్పుడు ఏం జరిగిందో ఇక్కడి వారందరికీ తెలుసు. రాష్ట్రం మొత్తం మీద 16 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న ఆ పార్టీకి 18 సీట్లే వచ్చాయి. అందులో పిఠాపురం, పెద్దాపురం, కాకినాడ రూరల్, కొత్తపేట, తాడేపల్లిగూడెం మన జిల్లాలవి. సొంత ప్రాంతమైన పాలకొల్లులో చిరంజీవి కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో ఓడిపోయి తిరుపతిలో గెలిచారు. కులం ఒక్కటే ఓటును నడిపిస్తే పాలకొల్లు ఫలితం అలా ఉండేది కాదు.

కులం ప్రభావం లేదని నేను అనడం లేదు. పార్టీలు టికెట్లు ఇచ్చేది ఆ లెక్క చూసుకునే అన్నది అందరికీ తెలిసిన సంగతి. కాపు రిజర్వేషన్ల ఉద్యమం, 2016 జనవరి 31న తుని దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దహనం, 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో జరిగిన హింస, ఇవన్నీ ఊళ్లలో మనుషుల మధ్య దూరం పెంచిన సంఘటనలు. మా ప్రాంతంలో ఆ గాయం ఇంకా పూర్తిగా మానలేదు. కానీ మీరు అడిగిన శాతాల సంగతి వేరు. ఎస్సీ, ఎస్టీల వివరాలు తప్ప, మిగిలిన కులాల వారీ జనగణన లెక్కలు 1931 తర్వాత ప్రచురితం కాలేదు. అప్పటికి ఇప్పటి నియోజకవర్గాలు లేవు, ఇప్పటి సరిహద్దులు 2009 ఎన్నికలతో అమల్లోకి వచ్చాయి. కనుక ఫలానా నియోజకవర్గంలో శెట్టిబలిజలు ఇంత, కాపులు ఇంత, రాజులు ఇంత, మత్స్యకారులు ఇంత అని టీవీ చర్చల్లో చెప్పే అంకెలు పార్టీల వారు ఓటరు జాబితాలోని ఇంటిపేర్లు చూసి వేసుకున్న అంచనాలే. దయచేసి వాటిని మీ వ్యాసంలో వాస్తవాలుగా రాయకండి. రాస్తే ఆ తర్వాత మీ వ్యాసాన్నే మూలంగా చూపించేవారు ఉంటారు.

కులం పేరుతో దాటవేసే అసలు సంగతి భూమి. డెల్టాలో పొలం ఒకరిది, సాగు మరొకరిది. భూయజమాని హైదరాబాదులోనో, విశాఖలోనో, అమెరికాలోనో ఉంటాడు. సార్వాకు (ఖరీఫ్ వరి), దాళ్వాకు (రబీ వరి) మడిలో దిగేది కౌలు రైతు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల కోసం ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం ప్రకారం కార్డు కావాలంటే యజమాని ఒప్పుకోవాలి, చాలామంది యజమానులు ఒప్పుకోరు. రైతు భరోసా పథకంలో భూమి లేని కౌలు రైతులకు ఇచ్చిన సాయం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు పరిమితమైంది. ఒకే గట్టుకు ఇటు అటు కౌలు చేసే ఇద్దరిలో ఒకరికి సాయం అంది, మరొకరికి అందని పరిస్థితి ఏర్పడింది. ఆ ఇద్దరి ఓట్లు వేర్వేరు దారుల్లో వెళితే చూసేవారు దాన్ని కులం ఓటు అంటారు. మూలంలో అది కౌలు కాగితం సమస్య.

నీళ్ల సంగతి కూడా అంతే. మాది కాలువ చివరి భూమి. పైవారికి సాగునీటి ఎద్దడి తెలియదు, మాకు మురుగు కాలువ పూడిక తప్ప వేరే ధ్యాస ఉండదు. 2011లో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. ధాన్యానికి గిట్టుబాటు ధర లేకపోవడం, కూలీల ఖర్చు పెరగడం, మురుగు నీరు దిగకపోవడం అందుకు కారణాలు. అన్నం పెట్టే నేల మీద రైతు తనంతట తాను నాగలి దించేసిన ఆ సంవత్సరాన్ని మా తరం మరచిపోదు. దేశమంతా దాని గురించి మాట్లాడింది. అయినా 2014 ఎన్నికలు వచ్చేసరికి రాష్ట్ర విభజన ముందు అదంతా మరుగున పడింది. కాంగ్రెస్ ఓడింది విభజన మీద తప్ప పంట విరామం మీద కాదు. పెద్ద గాలి వీచిన ప్రతిసారీ మా శివారు భూముల గోడు ఇలాగే కొట్టుకుపోతుంది. వశిష్ఠ గారూ, ఓట్ల లెక్కలో కనిపించని ఈ విషయం మీ వ్యాసంలో ఒక్క పేరాగా అయినా ఉండాలని నా కోరిక.

జవాబు: మొగల్తూరు రోడ్డు, నరసాపురం

సిద్ధాంతపరమైన మొగ్గు గురించి అడిగారు కనుక నరసాపురం లోక్‌సభ స్థానం చరిత్రను చూడమని సూచిస్తాను. 1957లో ఇక్కడి నుంచి కమ్యూనిస్టు నాయకుడు ఉద్దరాజు రామం గెలిచారు. 1999లో బీజేపీ తరఫున కృష్ణంరాజు, 2004లో, 2009లో కాంగ్రెస్, 2014లో మళ్లీ బీజేపీ, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో బీజేపీ తరఫున భూపతిరాజు శ్రీనివాసవర్మ గెలిచారు. ఎర్రజెండా నుంచి కాషాయ జెండా దాకా ఒకే నియోజకవర్గం చూసింది. దీన్ని ఎడమ, కుడి అనే కొలబద్దతో కొలవడం కష్టం.

మన డెల్టా ఒకప్పుడు కమ్యూనిస్టులకు బలమైన చోటు అన్నది ఈ తరానికి గుర్తు లేదు. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో దక్కింది 15. వారికి వ్యతిరేకంగా కాంగ్రెస్, తదితర పక్షాలు ఐక్య సంఘటనగా ఏర్పడి పోటీ చేయడమే ఇందుకు ప్రధాన కారణం. చీలిన ఓట్లు కలిస్తే సీట్లు ఎలా తారుమారవుతాయో మాస్టారు గారు 2024 గురించి చెప్పారు. అదే సూత్రం ఈ నేల మీద ఏడు దశాబ్దాల కిందటే పనిచేసింది.

జవాబు: జగన్నాథపురం వంతెన, కాకినాడ

పై జవాబుకు చిన్న చేర్పు. గోదావరి జిల్లాల్లో బీజేపీ గెలిచిందంటే అది తెలుగుదేశం పొత్తు వల్లనేనని సాధారణంగా అనుకుంటారు. 1999, 2014, 2024 సంవత్సరాలకు అది వర్తిస్తుంది. కానీ 1998 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రబాబు నాయుడు నాయకత్వంలోని తెలుగుదేశంతో పొత్తు లేకుండానే కాకినాడలో కృష్ణంరాజు, రాజమండ్రిలో గిరజాల వెంకటస్వామి నాయుడు బీజేపీ తరఫున గెలిచారు. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ఆ పార్టీ గెలిచిన నాలుగు స్థానాల్లో రెండు ఇవే. అభ్యర్థి మీద అభిమానం, పోటీలో ఓట్ల చీలిక, ఢిల్లీలో ఎవరు రావాలన్న ఆలోచన, మూడూ కలిసిన ఫలితం అదని నా అభిప్రాయం.

మరొక ఉదాహరణ కూడా గమనించండి. 2024 మేలో 34 స్థానాలూ కూటమికి ఇచ్చిన ఈ జిల్లాల్లోనే, అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన తూర్పు, పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఉప ఎన్నికలో వామపక్ష భావాలున్న పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి బొర్రా గోపిమూర్తి గెలిచారు. 2025 ఫిబ్రవరిలో పట్టభద్రుల స్థానానికి జరిగిన ఎన్నికలో మాత్రం తెలుగుదేశం అభ్యర్థి పేరాబత్తుల రాజశేఖరం గెలిచారు. ఉపాధ్యాయులు తమ సంఘాల పనిని, తమ సమస్యలను చూసి ఓటు వేస్తారు. అదే ఉపాధ్యాయుడు అసెంబ్లీ ఎన్నికలో వేరే గుర్తు మీద మీట నొక్కి ఉండవచ్చు. ఒక మనిషిలోనే రెండు మూడు మొగ్గులు ఉన్నప్పుడు, లక్షల మంది ఉన్న ప్రాంతానికి ఒకే మొగ్గును అంటగట్టడం న్యాయం కాదు.

ప్రశ్నకర్త: వశిష్ఠ, పాలకొల్లు

ఇంత శ్రద్ధగా జవాబులు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. భీమవరం, పిఠాపురం మధ్య తేడాను వ్యాసానికి వెన్నెముకగా తీసుకోవాలని అనుకుంటున్నాను. కులాల శాతాలు వాడను. శివారు ఆయకట్టు గారు చెప్పిన కౌలు సంగతిని పరిశీలించాలంటే నియోజకవర్గం కంటే చిన్న ప్రమాణం కావాలి. పోలింగ్ కేంద్రం వారీగా ఓట్లు బహిరంగంగా దొరుకుతాయని విన్నాను. వాటిని చదివే పద్ధతి, అందులోని ఇబ్బందులు తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: ఎన్నికల విధులు, రాజమహేంద్రవరం

నేను ప్రభుత్వ ఉద్యోగిని. పోలింగ్ విధుల్లోనూ, ఓట్ల లెక్కింపులోనూ పనిచేసిన అనుభవం ఉంది కనుక ఈ ప్రశ్నకు జవాబు రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మీకు కావలసింది ఫారం 20. ఇది ప్రతి అసెంబ్లీ నియోజకవర్గానికీ తయారుచేసే తుది ఫలితాల పత్రం. ఒక్కో వరుసలో ఒక్కో పోలింగ్ కేంద్రం సంఖ్య, ఆ కేంద్రంలో ఒక్కో అభ్యర్థికి పడిన ఓట్లు, నోటా, చెల్లిన ఓట్ల మొత్తం ఉంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్ జరిగినా పత్రాలు వేర్వేరుగా ఉంటాయి. ఒకే కేంద్రంలో ఈ రెండింటినీ పోల్చితే ఎమ్మెల్యేకు ఒక గుర్తు, ఎంపీకి మరో గుర్తు వేసినవారు కనీసం ఎందరు ఉన్నారో అంచనా వేయవచ్చు. మన ప్రాంతంలో దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. మీరు తప్పక చూడండి.

ఇబ్బందుల్లో మొదటిది కేంద్రాల సంఖ్యలు మారడం. ఓటర్లు పెరిగిన చోట కేంద్రాన్ని రెండుగా విడదీస్తారు, దాంతో ఆ తర్వాతి కేంద్రాలన్నింటికీ సంఖ్య ముందుకు జరుగుతుంది. 2019లో 112వ కేంద్రం 2024లో 112వ కేంద్రం అయి ఉండాలన్న నియమం లేదు. పోలింగ్ కేంద్రాల జాబితాలో పాఠశాల పేరు, గది, ఏ వీధుల ఓటర్లు వస్తారన్న వివరం ఉంటాయి. వాటితో సరిచూసుకుని, విడిపోయిన కేంద్రాలను మళ్లీ గ్రామం కింద కలిపి లెక్కించాలి. విసుగు పుట్టించే పని, కానీ ఇది చేయకుండా వేసిన లెక్కలు చెల్లవు. రెండోది పోస్టల్ ఓట్లు. అవి ఏ కేంద్రానికీ చెందవు, పత్రం చివర విడిగా ఉంటాయి. ఉద్యోగుల ఓటు ఎక్కువగా అక్కడే ఉంటుంది కనుక గ్రామం లెక్కలో ఉద్యోగులు కొంత తగ్గుతారు.

మూడోది వలస. డెల్టాలో ఓటరు జాబితాలో పేరు ఉండి ఊళ్లో లేనివారు చాలామంది. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్ వంటి దేశాలకు వెళ్లిన మహిళలు ఎందరో ఉన్నారు, విదేశాల్లో ఉన్నవారు స్వయంగా వచ్చి ఓటు వేయాలే తప్ప అక్కడి నుంచి వేసే వీలు లేదు. హైదరాబాదులో స్థిరపడినవారు మాత్రం 2024 మే 13న పోలింగ్ సోమవారం కావడంతో ముందు రెండు రోజుల సెలవులు కలుపుకుని పెద్ద సంఖ్యలో వచ్చారు. ఏ కేంద్రంలోనైనా పోలింగ్ శాతం తగ్గితే దాన్ని నిరాసక్తతగా భావించే ముందు ఆ ఊరి వలస సంగతి తెలుసుకోండి.

నాలుగో విషయం మీద నాకు బలమైన అభిప్రాయం ఉంది. ఒక కేంద్రంలో ఎస్సీ పేట ఓటర్లు ఎక్కువగా ఉన్నారు, ఫలానా పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయి, కనుక ఎస్సీలు ఆ పార్టీకి వేశారని రాసే అలవాటు పెరిగింది. కేంద్రం మొత్తం ఓట్లను బట్టి అందులోని ఒక వర్గం ఎటు వేసిందో నిర్ధారించలేము. ఆ పేటవారు చీలిపోయి మిగిలినవారు ఒకటైనా అదే మొత్తం రావచ్చు. శాస్త్రీయంగా తప్పు కావడమే కాక, మనుషులకు హాని కూడా చేస్తుంది. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే పద్ధతి ఉండేది, అందువల్ల ఏ ఊరు ఎటు వేసిందో తెలిసేది కాదు. యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం లెక్కా బయటపడుతోంది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ పరికరం వాడాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది, అయినా అమల్లోకి రాలేదు. మా వీధికి ఓట్లు పడలేదని రోడ్డు వేయలేదు, కుళాయి ఇవ్వలేదు అన్న ఫిర్యాదులు ఏ పార్టీ అధికారంలో ఉన్నా వింటూనే ఉన్నాము. మీ వ్యాసంలో గ్రామాల పేర్లు రాయవలసి వస్తే పార్టీ ఆధిక్యం మాత్రమే రాయండి, ఏ పేట, ఏ వీధి అన్నది బయటపెట్టకండి. పత్రం అందరికీ అందుబాటులో ఉన్నంత మాత్రాన దాన్ని వేలెత్తి చూపడానికి వాడే హక్కు మనకు రాదు.

జవాబు: లెక్కల మాస్టారు, తణుకు

విధుల గారు చెప్పిన చివరి విషయాన్ని పూర్తిగా సమర్థిస్తున్నాను. వశిష్ఠ గారూ, ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకా నిర్ణయించుకోకపోతే మీ పాలకొల్లుతోనే మొదలుపెట్టండి. 2019లో పశ్చిమ గోదావరిలో 15కు 13 స్థానాలు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లినప్పుడు తెలుగుదేశానికి మిగిలిన రెండింటిలో ఒకటి ఉండి నియోజకవర్గం, మరొకటి పాలకొల్లు. అక్కడ నిమ్మల రామానాయుడు 2014, 2019, 2024 మూడుసార్లూ ఒకే పార్టీ, ఒకే గుర్తు మీద గెలిచారు. అభ్యర్థి మారలేదు, గుర్తు మారలేదు. మారినవి పొత్తులు, ప్రత్యర్థులు, రాష్ట్రంలో వీచిన గాలి. ఇలాంటి చోట మూడు ఎన్నికల ఫారం 20లను పక్కపక్కన పెడితే, ఏ గ్రామాల్లో ఓటు కదలకుండా నిలిచిందో, ఏ గ్రామాల్లో పొత్తుతో పెరిగి పొత్తు లేనప్పుడు తగ్గిందో విడదీసి చూడవచ్చు. 2019లో జనసేన విడిగా పోటీ చేసింది కనుక ఆ సంవత్సరం పత్రమే మీకు తాళం చెవి. ముందు దాన్ని పూర్తి చేసి, వచ్చిన పట్టికను ఇక్కడ పెట్టండి, కలిసి సరిచూద్దాం.